బస్సెక్కిన ఎనుము, ఐదు వేల ఇల్లు

మొన్న పత్రికలో ఒక వార్త చదివాను. ఎవరో పెద్దమనిషిని కోతి కరిచింది. ఎక్కడ కరిచింది, ఎందుకు కరిచింది, సూది వేయించుకున్నాడా లేదా, ఇవి కదా మనకు కావలసినవి? వాటిలో ఒక్క ముక్కా లేదు. “ఎనభై లక్షల విలువ చేసే సొంత ఇంట్లో నివసించే” అని మాత్రం మొదటి వాక్యంలోనే ఉంది. కోతి ఇంటి పత్రాలు చూసి కరిచిందా? అరవై లక్షల ఇల్లయితే వదిలిపెట్టేదా? ఒళ్ళు మండి పత్రికను మూలకు విసిరేశాను. మా ఆవిడ దాన్ని తీసి చదివి ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు అర్థం కావాలంటే మా ఎనుము సంగతి తెలియాలి.

మా వైపు గేదెను ఎనుము అంటాము. మాది అరవ దేశంలో, ధర్మపురి వైపు మారండహళ్ళి పక్క పల్లె. యాభై ఏళ్ళు దాటిన మాట, యుద్ధం ముగిసిన కొత్తలో. నాకు ఏరియూరు పిల్లతో సంబంధం ఖాయమై, తాంబూలాలు కూడా అయ్యాయి. నేను బడికి పోయినవాణ్ణి కాను. అరవ అక్షరాలు బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను, తెలుగు అక్షరాలు మా అవ్వ పెట్టె అడుగున దొరికిన చిరిగిన పంచాంగంలో నేర్చుకున్నాను. కాబట్టి ఊళ్ళో పత్రిక చదివి వినిపించే పని నాదే.

ఆ రోజుల్లో హోసూరు బస్సుకు వెనుకవైపు పెద్ద తలుపు ఉండేది. దానికి పలక ఆనించి కూరగాయల మూటలు ఎక్కించేవాళ్ళు. ఒకనాడు ఆ మూటల మధ్య ఎవరిదో గొడ్లకు పెట్టే వేరుశనగ చెక్క బస్తా ఉంది. మా ఎనుముకు ఆ వాసన తగిలింది. అది పలక మీదుగా, టిక్కెట్టు కొన్నదానిలాగా నింపాదిగా బస్సు ఎక్కేసింది. లోపలున్నవాళ్ళు కిటికీల్లోంచి దూకారు. దాన్ని దించడానికి మగవాళ్ళందరూ ముందు నిలబడి కొమ్ములు పట్టుకొని తోశారు. అది కదలలేదు. చివరికి మా అవ్వ వచ్చింది.

“మీ మొగతనం చాలు, తప్పుకోండ్రా” అని అందరినీ పక్కకు జరిపి, బస్సు వెనక నేల మీద చతికిలబడి, పాలు పిండే చెంబును వేళ్ళతో టకటకా వాయించింది. ఎనుము ఆ చప్పుడు విని ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ దిగి, అవ్వ ముందు పొదుగు పెట్టి నిలబడింది. హోసూరు పోవలసినవాళ్ళంతా పాలు పిండేదాకా నిలబడి చూశారు.

మరునాడు ధర్మపురి నుంచి ఒక పత్రిక విలేకరి సైకిల్ మీద వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో మఫ్లరు. అరవంలో మా నాయన వయసు అడిగాడు, పొలం అడిగాడు, ఆ తరువాత “ఈ ఇల్లు ఎంత చేస్తుంది?” అన్నాడు.

మా నాయన ముఖం మాడిపోయింది. పశువుల మీద బతికే ఇళ్ళల్లో వెల నోటితో చెప్పే వాడుక లేదు. సంతలో కూడా అమ్మేవాడు, కొనేవాడు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకొని బేరం చేస్తారు. మొదటి పట్టు పదులా, వందలా, వేలా అని చెబుతుంది. రెండో పట్టు ఎన్ని అన్నది చెబుతుంది. వెల బయటికి చెప్పారంటే ఆ వస్తువు అమ్మకానికి పెట్టినట్టే. అయినా వచ్చిన మనిషి అడిగాడు, మర్యాద తప్పకూడదు. మా నాయన భుజం మీది తువ్వాలు తీసి విలేకరి చేతి మీద కప్పి, లోపల మొదటి పట్టు పట్టాడు.

విలేకరి “సంతోషం, సంతోషం” అంటూ ఆ చేతిని పట్టి ఊపాడు. దొరలు చేతులు కలిపినట్టు కలుపుతున్నారనుకున్నాడు మహానుభావుడు! తరువాత మా నాయన ఐదు వేళ్ళూ కలిపి రెండో పట్టు పట్టాడు. ఆ ఐదు మాత్రం ఆయనకు బాగా అర్థమైంది.

మూడు నాలుగు రోజుల తరువాత పత్రిక వచ్చింది. అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి పెద్దగా చదివాను. “మారండహళ్ళి వద్ద ఐదు వేల రూపాయల విలువైన సొంత ఇల్లు గల ఆసామి ఎనుము బస్సు ఎక్కినది. ప్రయాణికులు ఇబ్బంది పడినారు.” అంతే! మా అవ్వ లేదు, చెంబు లేదు. ఎనుము దిగిందో, హోసూరు పోయి స్థిరపడిందో కూడా లేదు.

“ఇంటికి వెల కట్టినారా!” అని అవ్వ గుండెలు బాదుకుంది. “నేను బతికుండంగానే నా కొంపను బజార్లో పెట్టినారా!” అని ఉప్పు, మిరపకాయలు తెచ్చి ఇంటి గోడలకే దిష్టి తీసింది.

మరునాటి నుంచి కొనేవాళ్ళు రావడం మొదలైంది. ఒకాయన మా వాకిలిని తాడుతో కొలిచాడు. ఇంకొకాయన గోడకు చెవి ఆనించి తట్టి చూశాడు, పుచ్చకాయ కొన్నట్టు. ఇదంతా నవ్వుకొని ఊరుకునేవాణ్ణే. కానీ ఏరియూరు నుంచి మనిషి వచ్చి, “మీ మామ ఎల్లుండి వస్తాడంట, తాంబూలం తిరిగిచ్చేదానికి” అన్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

వెంటనే ధర్మపురి పోయి విలేకరిని పట్టుకున్నాను. “ఎనుము బస్సెక్కితే మా ఇంటి వెలతో నీకేమి పని సామీ?” అన్నాను.

ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు. “ఎవరిదో ఎనుము బస్సెక్కితే ఎవరు చదువుతారు తంబీ? ఐదు వేల ఇల్లున్నవాడి ఎనుము ఎక్కితే చదువుతారు. సంగతి చిన్నదైనప్పుడు మనిషిని పెద్ద చెయ్యాలి. తప్పయితే సరైన వెల చెప్పు, రేపే వేస్తాను.”

సరైన వెల చెప్పమంటాడు! చెబితే రెండోసారి అమ్మకానికి పెట్టినట్టు కాదా? వచ్చిన దారినే తిరిగి వచ్చాను.

అన్నట్టే మామ వచ్చాడు. కాళ్ళు కడుక్కోలేదు. అవ్వ మజ్జిగ తెస్తే ముట్టలేదు.

“ఒక మాట అడిగి పోతా బావా” అన్నాడు మా నాయనతో. “ఇల్లు అమ్ముకొని యాడికి పోతాండావు? బెంగుళూరికా, కోలారుకా?”

“అమ్మేదెవరు బావా? పేపరోడు తప్పు రాసినాడు.”

“ఐదు వేల ఇల్లంటే రోజుకొకడు వస్తాడు. ఎవడో ఒకడు ఆరు వేలంటాడు. నీకు ఆశ పుడతాది. నా బిడ్డ ఏ గడప తొక్కేది, సంత గడపా?”

“అంత చేసేది కాదు బావా ఈ ఇల్లు.”

“అయితే ఎంత చేస్తాది? చెప్పు.”

మా నాయన నోరు తెరిచాడు, మూశాడు. నా పెళ్ళి ఆ నోట్లో ఇరుక్కుపోయింది. వాకిట్లో మా ఎనుము మాత్రం ఏమీ పట్టనట్టు నెమరు వేస్తూ ఉంది. అప్పుడు అవ్వ లోపలి నుంచి అరిచింది. “రేయ్, నోరెందుకురా? భుజం మీద తుండు లేదా?”

మా నాయన తువ్వాలు తీసి మామ చేతి మీద కప్పాడు. మామ సంతలో తల నెరిసిన మనిషి. మొదటి పట్టు దగ్గరే కనుబొమలు పైకి లేచాయి. రెండో పట్టు పడగానే పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. తలగుడ్డ జారి ఒళ్ళో పడింది.

“ఇంతేనా! ఓరి నాయనా, ఇంతేనా! బావా, ఈ కొంపను ఊరికే ఇస్తానన్నా ఎవడూ తీసుకోడు. ఆ ఎనుము బస్సెక్కి పారిపోయిందంటే పోదా మరి!”

“అంత మాట అనొద్దు బావా” అన్నాడు మా నాయన చిన్నబోయి.

“అమ్ముడుపోని ఇల్లు! ఆడబిడ్డకు ఇంతకంటే గట్టి ఇల్లు యాడుంది? పెద్దమ్మా, ఆ మజ్జిగ ఇట్లా తే!”

ఐదు పక్కన ఎన్ని సున్నలో వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇద్దరూ చెప్పకుండానే పోయారు, మంచిదయింది.

పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజున కొత్త పెళ్ళికూతురు కప్పు చూడలేదు, గోడలు చూడలేదు. సందు దొరకగానే నన్ను మెల్లగా అడిగింది. “ఆ ఎనుము బస్సు ఎట్లా దిగింది?”

అవ్వ సంగతి, చెంబు సంగతి అంతా చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. “ఇదంతా పేపర్లో రాయలేదే?” అంది.

“అదే కదా నా ఏడుపు!” అన్నాను. మా కాపురంలో మొదటి మాటలు అవే.

మొన్న కూడా ఆమె ఆ పత్రికను మడిచి నా చేతికి తిరిగి ఇస్తూ అడిగింది. “అదంతా సరే, ఆ కోతి ఏమయింది?”