తల్లిగొర్రె కూర్చున్న మెరక

మా సారు చనిపోయి మూడు నెలలైంది. ఇప్పుడు ఇది రాయక తప్పడం లేదు. వానలు మొదలై కృష్ణ పెరిగితే, కొత్త ఆనకట్ట వెనక నిలిచే నీళ్ళలో ఆయన సమాధి మునిగిపోతుంది. దాన్ని అక్కడినుంచి తీయాలంటే ఆయన రక్తసంబంధీకులెవరైనా సంతకం పెట్టాలట. వాళ్ళెవరో మాకు తెలియదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరికైనా తెలిసి ఉంటుందేమోనని రాస్తున్నాను.

మాది దేవరకొండ తాలూకాలో ఏటి ఒడ్డున ఊరు. మా బాపు గొర్రెలు కాస్తాడు. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు లేరు. సారు కోస్తా నుంచి మిషను బడికి వచ్చి, ఒక్క గదిలో ఒంటరిగా ఉంటూ పద్దెనిమిదేళ్ళు మాకు చదువు చెప్పారు. ఆ గది గోడకు ఒక్క మేకు కొట్టలేదు. చొక్కా తాడు మీద వేసుకునేవారు. "పోయేటప్పుడు గోడకు చిల్లులు మిగలకూడదమ్మా" అనేవారు. ఎక్కడికి పోతారని మేమెవరమూ అడగలేదు.

ఊళ్ళో అందరికీ ఉత్తరాలు రాసిపెట్టేది ఆయనే. అందుకే ఆయన పోయిన సంగతి రాయడానికి మనిషి లేకపోయాడు. నల్లగొండలో పంతులమ్మ ట్రైనింగులో ఉన్న నాకు ఆ కబురు తొమ్మిది రోజులకు, మా ఊరినుంచి వచ్చిన ఒకాయన నోటిమాటగా చేరింది.

సారుకు కొద్దిగా హీబ్రూ భాష వచ్చు. చిన్నతనంలో ఒక ముసలి పాదిరి దగ్గర నేర్చుకున్నారట. బైబిలు లేఖనంలోని ఒక్కొక్క మాటకూ మా ఊరివాళ్ళ నోట్లో ఉన్న మాట వెతికి నోటుబుక్కులో రాసుకునేవారు. దొరకనప్పుడు గీత గీసి ఖాళీ వదిలేవారు. "తెలియకపోతే ఖాళీ వదిలెయ్, తెలిసినట్టు రాయకు" అని మాకూ చెప్పేవారు. ఆ మాట పట్టుకుని నేను లెక్కల పరీక్షలో సగం కాగితం ఖాళీగా ఇచ్చి, ఆయన చేతనే చీవాట్లు తిన్నాను.

అట్లా చాలాకాలం ఖాళీగా ఉన్న మాట 'మాలోన్'. బాటసారి రాత్రి గడిపే చోటు అని దాని అర్థం. ఇల్లు అని రాస్తే ఎక్కువవుతుందని ఆయన బాధ. ఒకరోజు మా బాపును అడిగారు.

"గిదేం కష్టం సారూ? మేం రోజు జేసేదే గద. పొద్దుగూకితే యాడ మంద ఆపుతమో గదే మా మకాం. తెల్లారితే గది మాది గాదు."

"అదేనయ్యా! తెల్లవారితే మనది కానిది."

"మీ గ్రంథంల గొర్లోల్లు గూడ ఉన్నరా?"

"సగంమంది వాళ్ళే."

"అయితే జర మంచి పుస్తకమే" అన్నాడు బాపు.

ఆ మకాం ఎట్లా ఉంటుందో చూడాలని సారు ఆ సాయంత్రమే మంద వెంట వచ్చారు. నేనూ వెళ్ళాను. సారు వాగు పక్కన మెత్తటి నేల చూసి గొంగడి పరుచుకున్నారు. బాపు నవ్వాడు.

"సారూ, సదువు మస్తుగున్నది గని పండుకునే తెల్వి లేదు. లేవుండ్రి, తెల్లారేసరికి గొంగడి పిండుకోవాలె."

"మరెక్కడ పడుకోనయ్యా?"

"నన్నేం అడుగుతరు? గా ముసలి తల్లిగొర్రెను సూడుండ్రి. అది యాడ కూసుంటే గాడ తడి ఉండది."

ఆ గొర్రె మెరక మీదికి పోయి, రెండు చుట్లు తిరిగి, కాళ్ళు మడిచి కూర్చుంది. సారు గొంగడి ఎత్తుకుని దాని పక్కకు చేరారు. "ఈమె నాకంటే పెద్ద చదువే చదివింది" అన్నారు.

మర్నాడు బడిలో ఆ 'మాలోన్' మాట సంగతి చెప్పారు. తన జనాన్ని చూసి చూసి తట్టుకోలేక, అడవిలో బాటసారుల చోటు ఒకటి దొరికితే అందరినీ వదిలి పోదును గదా అని ఒక ప్రవక్త ఏడ్చాడట. "ఇల్లడగలేదమ్మా. రాత్రి గడిపే చోటే అడిగాడు."

"దొరికిందా సారూ?" అన్నాను.

"దొరికిందని రాయలేదమ్మా."

ఈ ఏడు మాఘంలో నాలుగు రోజుల జ్వరంతో సారు పోయారు. సమాధుల జాగా మునుగుతుందని అప్పటికే సర్వేరాళ్ళు పాతారు. "పల్లంల పెట్టొద్దు, సారు తడుస్తడు. మెరక మీదికి తీస్కపోదాం" అని బాపే చెప్పాడట. ఏ వానకూ చుక్క నీరు నిలవని చోటు అది. తానే తవ్వాడు. నెల తిరగకముందే సర్వేవాళ్ళు మళ్ళీ కొలిచి, కొత్త రాళ్ళు మెరకకు ఇంకా ఎగువన పాతారు; మెరక కూడా మునిగేదాంట్లోకి వచ్చింది.

సమాధి తీయించాలని బాపూ నేనూ ఆనకట్ట ఆఫీసుకు పోయాం. కాగితంలో 'సంబంధం' అన్నచోట నేను 'శిష్యురాలు' అని రాశాను. అక్కడివాళ్ళు అది సంబంధం కాదన్నారు. "గొర్లు కాసేటోనివి, నీకేమైతడాయన?" అని బాపును అడిగారు. బాపు గొంగడి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఇంటి ముందుకు వచ్చాక, "నేనే గద బిడ్డా, నీళ్లల్ల పెట్టిన" అన్నాడు.

ఊరు సగం ఖాళీ అయింది. హాలియా వైపు ఇచ్చిన జాగాలకు బండ్లు పోతున్నాయి. సెలవులకు వచ్చిన నేను సాయంత్రాలు మంద వెంట మెరకకు పోతున్నాను. ఆ తల్లిగొర్రె ఇప్పటికీ రెండు చుట్లు తిరిగి, సమాధిని ఆనుకుని కూర్చుంటోంది. దానికి ఆ నేల పొడిగానే ఉంది. బాపు దాన్ని అదిలించడు, అటు చూడడు కూడా.

సారు తన పుస్తకాల మీద ఎక్కడా పేరు రాసుకోలేదు. అందుకే నేనూ ఇక్కడ రాయలేదు. పేరూ మా చిరునామా సంపాదకుల దగ్గర ఉన్నాయి. ఆయనకు ఎడమచేతి రాత. కుడి మణికట్టు మీద కాలిన మచ్చ. పిండి పరిచి అక్షరాలు దిద్దించిన అక్క ఉండేదని ఒకసారి చెప్పారు. అమ్మా, ఇది మీరే చదువుతుంటే, మృగశిర కార్తె వచ్చేలోపల ఒక్క కార్డు రాయండి. సంతకం చాలు, తవ్వడానికి బాపు ఉన్నాడు.