మేడమ్ అడిగిన కుయ్

దేవేంద్ర నగర్‌లో మా ఇంటి కింది కిరాణా కొట్టులో త్రాసు మీద శనగపప్పు పెట్టగానే ‘కుయ్’మంటుంది. పప్పు సంచీలో పడేలోపు నాకు అప్పలనర్సమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడకూ శనగపప్పుకూ సంబంధం లేదు. ఆవిడ నా మొదటి బాస్. సిక్కోలు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. ఊరి చివర టాటీబంధ్ దాటాక ఒక ఇనుప రేకుల కార్ఖానాలో కంప్యూటర్ విభాగం నడిపేవారు. విభాగమంటే ఆవిడ, నేను, ఎప్పుడూ చెడిపోయి ఉండే ఏసీ.

ఒక ఏడాది కంప్యూటర్లన్నీ తీసేసి వర్చువల్ డెస్క్‌టాప్‌లు పెట్టాం. బల్ల మీద తెరా, కీబోర్డూ మిగులుతాయి. అసలు పనంతా సర్వర్ గదిలో జరుగుతుంది. లారీలకు గేట్ పాసులిచ్చే పాత ప్రోగ్రాం మాత్రం కొత్త విండోస్‌లో నడవనంది. దానికోసం సర్వర్‌లోనే ఒక పాత విండోస్‌తో వేరు కాపురం పెట్టించాం. బ్రహ్మాండంగా నడిచింది. ఎంత బ్రహ్మాండంగా అంటే, మొదటిరోజే ప్రతి లారీకీ రెండేసి పాసులొచ్చాయి. గేటు దగ్గర లారీలు ఆగాయి, హారన్లు ఆగలేదు.

పాసులు కొట్టేది వర్మాజీ. “బుడ్ఢే కో గోదామ్ భేజో” అన్నారు డైరెక్టరు గారు. సాయంత్రంలోగా ఇది సరిపడకపోతే ముసలాయన గోదాముకే. గోదాములో రోజంతా నిలబడాలి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి అది బదిలీ కాదు, రాజీనామాకు మర్యాదైన పేరు.

“సిస్టమ్‌లో గల్తీ లేదు మేడమ్. ఆయనే రెండుసార్లు నొక్కుతున్నాడు,” అన్నాను.

“ఎందుకు నొక్కుతన్నాడో అడిగినావేటి?”

“లేదండి.”

“మరేటి సూసినావు బాబూ? తెర సూసినావు. మనిషిని సూడు.”

మేడమే వెళ్ళి వర్మాజీ పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ పద్ధతే అంత: పాత ప్రోగ్రాంను ముట్టే ముందు, దాన్ని వాడే మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం. నాకది జీతంతో కూడిన విశ్రాంతిలా కనిపించేది. కొన్ని లారీలు పోయాక, రెండుసార్లెందుకని మెల్లగా అడిగారు, “దో బార్ క్యోం, వర్మాజీ?”

“మేడమ్, యే బోల్తా నహీ,” అన్నాడాయన. ఇది మాట్లాడటం లేదట. పాత కంప్యూటర్ పాస్ తయారవగానే ‘కుయ్’మనేది. ఆయన కళ్ళు కిటికీలోంచి లారీ నంబరు మీద ఉండేవి, చెవి ఆ కుయ్ మీద. ఇప్పుడది వినబడక, పని కాలేదనుకుని మళ్ళీ నొక్కుతున్నాడు. ఉద్యోగులు పాటలు వింటున్నారని కొత్త డెస్క్‌టాప్‌లలో శబ్దం ఆపించింది డైరెక్టరు గారే.

డైరెక్టరు గారి గదిలో మేడమ్ ఆ సంగతి ఎత్తలేదు. “గల్తీ హమారీ హై సర్, వర్మాజీ కీ నహీ,” అని తప్పు మా విభాగం మీద వేసుకున్నారంతే.

“ఆపమన్నది ఆయనే కదండీ,” అని బయటికొచ్చాక గొణిగాను.

“ఆయన్ని ఓడిస్తే వర్మాజీ సీటు మిగుల్తాదేటి? పోయి సౌండు పెట్టు.”

వర్మాజీ ఆ సీట్లోనే రిటైరయ్యాడు.

ఇప్పుడు మేడమ్ కుర్చీ నాది, ఏసీ కూడా. పాత ప్రోగ్రాంకు ఈమధ్యే సెలవిచ్చాం. కొత్తది అందంగా, మౌనంగా ఉంది. పాసులిచ్చే అమ్మాయి పక్కన ఒక పూట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లేచి వచ్చి, ప్రోగ్రాం రాసినతనితో “ఒక కుయ్ పెట్టవయ్యా” అన్నాను.

“ఎవరడిగారు సార్?”

“మా మేడమ్.”

మేడమ్ పోయి చాలా కాలమైందని చెప్పలేదు. చెబితే పని వాయిదా వేస్తాడు.