వదిన స్విచ్చయిన రోజు

ఆదివారం సాయంత్రం, మెదక్‌లో మా వరండా. ఉన్నవారు: నేను, నా భార్య, పక్కింటి మా వదిన, మా పై పోర్షన్‌లో కిరాయికుండే అమ్మాయి.

ఏ సంగతి తెలిసినా మా వదిన గేటు దగ్గర నిలబడి "ఓ అమ్మలారా, జర ఇనుండ్రి!" అని గల్లీనంతా పిలిచేది. నా షుగర్ రిపోర్టు నాకంటే ముందు కిరాణా దుకాణానికి తెలిసింది.

ఆ అమ్మాయికి తెల్లారితే హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పోయినసారి వదిన చాటింపు విని గల్లీవాళ్లందరూ ఆపి ఆపి దీవించేసరికి బస్సు తప్పిపోయింది. ఈసారి వరండాలో ఉన్న మా ముగ్గురికి మాత్రమే చెప్పి, జవాబులు అప్పజెప్తోంది.

"కంప్యూటర్లను కలిపే హబ్బుకు ఒక్కరి కోసం మాట చెప్పినా అందరికీ పంపుతది. స్విచ్చు ఎవరి మాట వాళ్లకే చేరుస్తది. రౌటరు మన నెట్‌వర్క్ నుంచి బయటి నెట్‌వర్క్‌కు తొవ్వ చూపిస్తది."

"గట్లయితే నేను హబ్బునా, బిడ్డా?" అంది వదిన.

"హబ్బులు ఇప్పుడు ఎవరూ కొంటలేరు, పెద్దమ్మా."

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన మూతి ముడిచింది. "రేపు నేను స్విచ్చునే. సూడుండ్రి!"

మరునాడు పొద్దున గేటు దగ్గర చప్పుడు లేదు. గల్లీ ఆడవాళ్లు పరేషానయి, అల్లం కషాయం గ్లాసులతో వదిన వాకిట్లో మూగారు. "గొంతు పోయిందా అక్కా? దవాఖానకు పోదమా?" వదిన పెదవి విప్పకుండా, ఇచ్చిన కషాయమల్లా తాగింది. వాళ్ల వెనక నుంచి ఆ అమ్మాయి, చెప్పులు చేత పట్టుకుని, బస్టాండు వైపు నడిచిపోయింది.