ఉప్పు చూసిన చెయ్యి

ఆత్రేయపురంలో సూర్యకుమారి చేతికి పేరుంది. వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ వేసి లాగితే పూతరేకు పొరలా లేచి వచ్చేది. నెయ్యి రాసి, పంచదార జల్లి మడత పెట్టే ఆ చేతికి సబ్బు తగలనిచ్చేది కాదు. సబ్బు వాసన పట్టిన పూతరేకు ఎవడు తింటాడని ఆమె వాదన. ఎక్కడికెళ్ళొచ్చినా వట్టి నీళ్ళతోనే కడుక్కునేది. విరిగిన రేకులు మాత్రం మనవరాలు హారికకే. పిల్ల వచ్చి నోరు తెరవడం, ఆమె ముక్క పెట్టడం రోజూ ఉన్నదే.

ఆమె నోటికీ పేరుంది. చుట్టాలింట ఏ వంటైనా ఉప్పు చూడటానికి ఆమెనే పిలిచేవారు. కిందటేడు చెల్లెలి కొడుకు పెళ్ళయిన మర్నాడు పంది మాంసం వండారు. ఇంకా ఉడుకుతున్న గిన్నెలోంచి ముక్క తీసి ఇస్తే నమిలి, ఉప్పు కాస్త తగ్గిందని తేల్చింది. అందరూ ఉప్పు వెయ్యడానికి పరుగెత్తారు. ముక్క ఉడికిందా అని అడిగే నాథుడు లేకపోయాడు.

కొన్నాళ్ళకు దొడ్లోకి వెళ్ళినప్పుడు తెల్లగా, బల్లపరుపుగా ఏవో కనిపించాయి. సొరగింజలు కాబోలు అనుకుంది. ఒకటి కదిలినట్టుంటే కళ్ళు మసకబారాయని సర్దిచెప్పుకుంది. అలాంటి మాట కూతురు దుర్గతోనైనా ఎలా అంటుంది?

ఒక ఉదయం హారిక జడ వేయించుకుంటూ వేయించుకుంటూ పక్కకి ఒరిగిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నోటి వెంట నురగ. అమలాపురంలో ఆసుపత్రికి తీసుకెళితే స్కాన్ తీశారు. హారిక మెదడులో, పంది మాంసం వల్ల వచ్చే బద్దెపురుగు పిల్ల తిత్తి కట్టుకుని ఉందన్నారు డాక్టరు గారు.

మా పిల్ల పంది మాంసం ముట్టనే ముట్టదండీ అంది దుర్గ.

"ముట్టక్కర్లేదమ్మా. సరిగా ఉడకని మాంసం తిన్న మనిషి పేగులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు ఆ మనిషి విరేచనంలో తెల్లటి పురుగు ముక్కలతో పాటు వస్తాయి. సబ్బుతో కడక్కపోతే చేతికి అంటుకుని ఇంకొకరి నోట్లోకి పోతాయి. అలా మింగినవే మెదడుకెక్కుతాయి. మీ ఇంట్లో ఎవరో ఒకరి కడుపులో ఆ పురుగు ఉండి ఉంటుందమ్మా."

సొరగింజలు సూర్యకుమారి కళ్ళ ముందు తిరిగాయి. ఈ మాట బయటికొస్తే తన రేకు మళ్ళీ ఎవరూ ముట్టరు. పోనీ దాచేస్తే? పిల్ల మళ్ళీ ఈ చేతి దగ్గరికే వచ్చి నోరు తెరుస్తుంది. ఇన్నాళ్ళూ డబ్బాల్లో సర్ది పంపిన రేకులు ఎందరి పిల్లలు తిన్నారో.

"నాకేనండి ఆ పురుగు" అంది చివరికి. "సగం ఉడికిన ముక్క ఉప్పు చూసేనండి. సబ్బు ముట్టకుండా పిల్లకి పెట్టింది కూడా ఈ చేత్తోనేనండి."

దుర్గ తన తల్లి మొహం చూడలేదు. చేతులు చూసింది.

పరీక్ష చేసి సూర్యకుమారికి మాత్ర ఇచ్చారు. పురుగు పోతుందన్నారు. పిల్ల మందులు మాత్రం చాలాకాలం వాడాలట. ఫిట్స్ మళ్ళీ రావని ఇప్పుడే చెప్పలేమన్నారు.

సూర్యకుమారి ఆసుపత్రి కుళాయి దగ్గర చేతులు సబ్బుతో తోమింది. కడిగింది, మళ్ళీ తోమింది. చర్మం మండుతున్నా ఆపలేదు. వచ్చి మంచం పక్కన కూర్చుంది.

హారిక కళ్ళు తెరిచి, రేకు ముక్క ఏదని అడిగి నోరు తెరిచింది. అలవాటుగా సూర్యకుమారి చెయ్యి లేచింది. గభాలున వెనక్కి లాక్కుని కొంగులో చుట్టేసుకుంది.

పిల్ల నోరు తెరుచుకునే చూస్తోంది.