అత్త నోరు కట్టుకున్న ఏళ్లు

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. ఆ కబురు శ్రీకాకుళంలో ఉన్న బంధువులకు నేను చెప్పాలి. నాకు నత్తి. ‘అత్త’ అనే మాట దగ్గరే పట్టేసింది. అవతలివాళ్లు ‘హలో, హలో’ అని పెట్టేశారు. మళ్లీ చేయడానికి ఓపిక లేకపోయింది. నత్తి అంటే సిగ్గనుకుంటారు చాలామంది. చిన్నప్పుడు సిగ్గే. నలభై దాటాక అది ఒట్టి అలసట.

అత్తకీ నత్తే. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలో ‘సేపలమ్మా సేపలూ’ అని రాగం తీస్తే ఎక్కడా తడబడేది కాదు. గంప దించి మాట్లాడబోతే మాత్రం పెదవులు బిగుసుకుపోయేవి. నాకు మాట తడబడడం మొదలయ్యేసరికి అమ్మ తేల్చేసింది.

“మీ అత్త మాటలు ఇని ఇని నీకూ అంటుకున్నాదిరా.”

వస అరగదీసి నాలుకకు రాసింది. బంగారు ఉంగరం తేనెలో ముంచి నాకించింది. ఏమీ తగ్గలేదు. నింద మాత్రం అత్తకు మిగిలింది.

పాపం, అత్త కూడా అదే నమ్మింది. నేనున్న చోట నోరు విప్పేది కాదు. వేయించిన నెత్తళ్ల చేపలు చేతిలో పెట్టి, తినమని సైగ చేసేది. పెద్దవాడినయ్యేదాకా ఆవిడ గొంతు నాకు వీధిలో కేకగానే తెలుసు.

పెద్దయ్యాక నత్తికి చూపించుకుంటే, విశాఖలో ఒక డాక్టరమ్మ చెప్పింది, అది అంటుకునేది కాదనీ, కొన్ని కుటుంబాల్లో వస్తుంటుందనీ, ఎవరి తప్పూ కాదనీ. బస్సు దిగి నేరుగా అత్త దగ్గరికే వెళ్లి ఆ మాట చెప్పాను.

“నా... నా వొల్ల కాదేటిరా?”

“కా... కాదత్తా.”

కొంగుతో మొహం తుడుచుకుంది. “మరిన్నేళ్లూ నాను నో... నోరెందుకు కట్టుకున్నానురా!”

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆ తర్వాత అత్త మాటలు ఆపితే ఒట్టు. “పట్టేస్తే గింజుకోకురా. గాలొదిలి ఊరుకో. ఇ... ఇనాలన్నోడు ఉంటాడు, అక్కర్నేనోడు పోతాడు” అనేది. డాక్టరమ్మ నేర్పిన కసరత్తులు కొంత పనికొచ్చాయి. రోజు గడవడానికి మాత్రం ఈ మాటే.

ఇప్పుడు నా నాలుగేళ్ల కూతురికీ మాట తడబడుతోంది. పోయిన వేసవిలో అత్త కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపలు కోస్తుంటే, పిల్ల వేలు చూపించి “ఇది కా... కా...” అంటూ ఆగిపోయింది. పక్కనున్న అమ్మ ఆ మాట అందించబోయింది. అత్త తడిచెయ్యి ఎత్తి ఆపింది.

“ఉ... ఉండొదినా. అది సెప్తాది.”

సగం తెగిన చేప చేతిలోనే ఉంది. ఈగలు ముసురుతున్నా తోలకుండా, అత్త పిల్ల మొహంలోకే చూస్తూ కూర్చుంది.