గాజు గొట్టం మీద విభూతి

నిన్న చెంబుతో నీళ్ళు వంచుకుంటూ, ఎంతవరకు నిండాయో తెలియక గ్లాసులో వేలు పెట్టాను. మనవరాలు చూడనే చూసింది. "ఏందవ్వా, నీళ్ళల్లో వేలు?" అంది. "చల్లగుండాయో లేదో చూస్తా ఉండా" అని, అది ఇంకో ప్రశ్న వేసేలోగా గ్లాసెత్తి గటగటా తాగేశాను. నిజానికి ఆ అబద్ధం నాది కాదు, మా మామగారిది. ఎన్నో ఏళ్ళ కిందట ఆయన నోట విన్నదాన్ని మక్కీకి మక్కీ అప్పచెప్పాను.

అవి యుద్ధం రోజులు. నేను కాటన్‌పేటకు కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. మామగారు చిన్న పట్టాల రైలు ఇంజిన్లు నడిపి నడిపి, వయసు మీదపడి ఇంటిపట్టున ఉన్నారు. మా ఆయన రైలు షెడ్డులో ఫిట్టరు. మంచి ఇంజిన్లన్నీ యుద్ధానికి తరలిపోవడంతో, షెడ్డు వెనక ఏళ్ళ తరబడి పడున్న ఒక ముసలి ఇంజిన్ని మళ్ళీ నడిపించాలని పైవాళ్ళు పట్టుబట్టారు. దాని బొగ్గు తొట్టిలో ఆముదం మొక్కలు మొలిచాయి, పొగగొట్టంలో గోరింకలు కాపురం పెట్టాయి. దాని గుట్టుమట్లు తెలిసినవాడు మామగారొక్కరే అని కబురొస్తే, ఆయన పెళ్ళికొడుకులా ముస్తాబై వెళ్ళారు. తండ్రీకొడుకులు నెలల తరబడి తుప్పు గోకారు, కుళ్ళిన గొట్టాలు పీకి కొత్తవి బిగించారు, ఓడల మీద రావలసిన సామాను రాకపోతే అక్కడే పోతపోయించారు. ఇంట్లో అన్నం దగ్గరా ఇంజిను కబుర్లే. నాకది సవతిపోరుకంటే ఎక్కువైంది.

మామగారికి చూపు తగ్గిందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. గ్లాసులో వేలు ముంచడం చూసి అడిగితే, చల్లదనం చూస్తున్నానని బొంకారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పొద్దమ్మా. ఆ ఇంజిన్ని ఒక్కసారి నడిపి నేనే దిగిపోతా" అన్నారు. సరేనన్నాను. పదిహేడేళ్ళ పిల్లకు మాటివ్వడానికేం, నోరుంటే చాలు.

ఆయుధపూజ నాడు ఇళ్ళవాళ్ళమంతా షెడ్డుకు వెళ్ళాం. అత్త విభూతి పళ్ళెం నా చేతికిచ్చి, "అన్నిటికీ పెట్టు, ఒక్కటీ ఇడవాకు" అంది. డ్రైవరు నిలబడే చోటికి ఎక్కి కనిపించిన ప్రతి పిడికీ, చక్రానికీ పెట్టాను. నడుమ నిలువుగా ఒక గాజు గొట్టం ముద్దుగా ఉంది. దానికి మాత్రం తడి విభూతితో మూడు అడ్డపట్టెలు దట్టంగా దిద్ది, కుంకుమ కూడా అద్దాను. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటది రాలిపోవాలి. అది ఆ షెడ్డు ఆచారం.

మర్నాడు విజయదశమి. ఇంజినులో తొలిసారి ఆవిరి ఎక్కించే రోజు. మా ఆయన నిప్పు రాజేయడానికి తెల్లవారకముందే వెళ్ళిపోయారు. తొమ్మిదింటికి మామగారు తలపాగా చుట్టుకుంటూ, "నిన్న నువ్వు బొట్టు పెట్టిన గాజు గొట్టం ఉండాదే, అదేమ్మా దాని ప్రాణం. లోపల నీళ్ళెంతుండాయో దాంట్లోనే చూడాల. నీళ్ళు తగ్గినాక కూడా నిప్పేస్తా పోతే బాయిలరు పేలిపోతాది, మనిషి దొరకడు" అని ముచ్చటగా చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మసక కళ్ళకు నా తెల్లటి విభూతి పట్టే నీటిమట్టంగా కనబడితే? అత్త దగ్గరికి పరుగెత్తి గొట్టం సంగతి చెప్పాను. "సుమ్మనుండు. పూజ బొట్టు ఎవుర్నేం చేస్తాది" అని పోపు పనిలో పడింది. మాటిచ్చాను గనుక కళ్ళ సంగతి చెప్పలేదు. అన్నం క్యారియరు సాకు పెట్టుకుని బయల్దేరాను. దారి పొడవునా పేలుడు కోసమే చెవులు కాచుకున్నాయి. ఎక్కడో ఇంటి తలుపు దభీమంటే అక్కడే కూలబడ్డాను. ఎవరో లేపి ముఖాన నీళ్ళు చల్లారు.

షెడ్డులో ఇంజిను బుసలు కొడుతోంది. మా ఆయన బొగ్గు పార పట్టుకుని, "నాయనా, బొట్టు అడ్డమొచ్చి నీళ్ళు నాకు కనపడలా" అంటున్నారు. "నాకు కనపడతా ఉండాయి కదప్పా. నిండుగుండాయి, వెయ్" అన్నారు మామగారు. చుట్టూ ఇరవైమంది మగవాళ్ళు. నోరు విప్పితే ఆయన పరువు పోతుంది, విప్పకపోతే ఇద్దరూ పోతారు. క్యారియరు కింద పెట్టి, మెట్లెక్కి, కొంగుతో ఆ గొట్టాన్ని తుడిచేశాను. వేలు చుర్రుమంది. కింద ఎవరో "పూజ బొట్టు తుడిచేసిందే" అని నొచ్చుకున్నారు. పట్టెలు పోయాక గొట్టం అడుగున వేలెడు నీళ్ళు వణుకుతూ కనిపించాయి. మా ఆయన పార పడేసి, నీళ్ళు ఎక్కించే పిడి తిప్పారు.

మామగారు అటు గొట్టాన్నీ చూడలేదు, ఇటు నన్నూ చూడలేదు. నాకొక్కదానికే వినిపించేలా, "ఎంతుండాయమ్మా?" అన్నారు. "వేలెడు, మామా." కాసేపాగి మళ్ళీ అడిగారు. "బెత్తెడు." సగానికి ఎక్కేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. తర్వాత నడుం పట్టేసిందని అందరికీ వినబడేలా అని, నడిపే మనిషిని ఇంకొకరిని పిలిపించి, నా భుజం పట్టుకుని దిగారు. ఇంజిను ఆయన లేకుండానే యార్డు చివరిదాకా పోయి వచ్చింది. ఆయన క్యారియరు పక్కన కూర్చుని దాని కూత విన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఇంజిను ఎక్కలేదు.

ఈ పొద్దున నేను నీళ్ళు వంచుకుంటుంటే మనవరాలు పక్కకొచ్చి నిలబడి, "చాలవ్వా, నిండింది" అంది. ఆరోజు షెడ్డులో భయపడింది నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఆ మెట్లు దిగుతున్నప్పుడు నా భుజం మీది చెయ్యి ఎందుకంతగా వణికిందో తెలియడానికి, నాకూ ఆయన వయసు రావలసి వచ్చింది.