అమ్మ వాసన చూసిన టిఫిన్ డబ్బా

పొద్దున మా కోడలు కార్ఖానా సందు మొదట్లోంచి ఇడ్లీ కట్టించుకొచ్చింది. చట్నీ కవరు ముడి విప్పగానే గుప్పున కొబ్బరి వాసన వచ్చింది, వచ్చినంత వేగంగా పోయింది కూడా. నాకు అనుమానం. పుట్నాలు రుబ్బి, పైన పేరుకు రెండు చెంచాల కొబ్బరి కలిపి ఉంటారు.

"అత్తమ్మా, తినుండ్రి జెర. సీఐడీ లెక్క చూస్తరేంది?" అని నవ్వింది కోడలు. నవ్వితే నవ్వనీ. నాకు చదువు అబ్బలేదు, ఈ మాటలు కూడా బొంగురు గొంతుతో నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది; ముక్కు మాత్రం మా అమ్మ దగ్గర బాగానే చదువుకుంది. ఆ అమ్మ ముక్కే ఒకసారి మా ఇంటిని రోట్లో వేసి నూరబోయింది.

అప్పుడు మేము లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. పొద్దున వర్క్‌షాపు కూత వినపడకముందే అమ్మ వెనక వాకిట్లో రోలు కడిగి, పెనం మీద మిరపకాయలు వేయించేది. ఆ ఘాటుకు మా వరసలోని ఇళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి దగ్గేవి. వానల్లో పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, చలికాలం టమాటా, కొత్తిమీర, ఎండలు ముదిరేముందు పచ్చి మామిడికాయ, బతుకమ్మ రోజుల్లో నువ్వులు, ఇంట్లో ఏదీ లేనినాడు ఒట్టి ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, చింతపండు. నూరుతున్నంతసేపూ "గిది మా అమ్మ చేతి కారం" అని చచ్చిపోయిన మా అమ్మమ్మను తలుచుకునేది. తొక్కు గిన్నెలోకి తీశాక, రోటికి అంటుకున్నది పోనీయకుండా అందులోనే వేడన్నం వేసి కలిపి నాకు ముద్ద పెట్టేది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, అయినా ఇంకో ముద్దకు నోరు తెరిచేదాన్ని.

ఒక సాయంత్రం నాన్న టిఫిన్ డబ్బా కడగబోతూ అమ్మ ఆగిపోయింది. గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పోరీ, ఇటు రా. వాసన చూడు."

"కొబ్బరమ్మా. కరివేపాకు సుత ఉన్నది."

"మనింట్ల కొబ్బరెప్పుడు నూరిన నేను?"

ఆ రోజు నుంచి డబ్బా ముందు అమ్మ ముక్కు కిందికి వచ్చి, తరువాతే నీళ్ల కిందికి పోయేది. నాన్న చొక్కా వాసన చూసేది. గడ్డం గీసుకుంటూ ఆయన ఈల వేస్తే, ఆ ఈల ఎవరి కోసమని చెవి ఒగ్గేది. ఎవరింటి చెత్తలో కొబ్బరి పీచు పడిందో చూసి రమ్మని నన్ను సందంతా తిప్పేది. నేను పీచు ఉన్న ఇళ్లు చెబితే, ఆ ఇళ్లలోని ఆడవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుని పళ్లు నూరేది. నన్ను తీసుకుని మా మేనమామ వాళ్ల ఊరికి పోతానని కూడా అన్నది. నాన్నను వదిలి పోవాల్సి వస్తుందేమోనని నాకు అన్నం దిగేది కాదు.

చివరికి ఒక శనివారం అమ్మ పల్లీలు వేయలేదు, చింతపండు వేయలేదు. చిటికెన వేలంత కూడా లేని లవంగి మిరపకాయలు గుప్పెడు తీసి, ఉప్పు వేసి కసిగా నూరింది. రోట్లో అన్నం కలపలేదు, నన్ను దగ్గరికి రానీయలేదు. అది నోట్లో పెట్టుకున్న మనిషి అరవకుండా ఉండలేడు. నాన్నకు చెబుదామనుకున్నాను కానీ, అమ్మ చూపు నా మీదనే ఉంది.

సాయంత్రం నాన్న కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ మెల్లగా అడిగింది.

"తొక్కు ఎట్లుండె?"

"మస్తుండె. జెర కారం తక్కువైంది."

అమ్మ ట్రంకుపెట్టె తెరిచి చీరలు తీయడం షురూ చేసింది.

మర్నాడు మామ ఊరికి మేము బయలుదేరబోతుండగా గుమ్మం ముందు సైకిల్ ఆగింది. నాన్నతో పనిచేసే సెల్వం, మౌలాలి నుంచి వచ్చాడు. అరవాయనే కానీ పుట్టి పెరిగింది ఇక్కడే. పెదవులు వాచి ఉన్నాయి.

"చెల్లె, నా మీద కోపమొచ్చిందా? అంత కారం కోపం లేకుంట పడది."

"మీ మీద నాకేం కోపమన్నా?"

"నీ తొక్కు రోజూ నేనే తింటున్న గద. మా ఇంటామె కొబ్బరి చట్నీ మీ ఆయన తింటడు. నీకు ఎర్కైంది, గందుకే నిన్న నాకు శిక్ష ఏసినవనుకున్న. మాఫ్ చెయ్యి."

అమ్మ నాన్న వైపు తిరిగింది. నాన్న గోడకు చెప్పినట్టు చెప్పాడు. "కడుపుల మంట లేస్తుంది. దవాఖానల కారం బందు చెయ్యమన్నరు. నువ్వేమో నూరినన్ని దినాలు మీ అమ్మ పేరు చెప్తవు. ఎట్ల చెప్పాలె నీకు?"

"మంట కడుపులనా, నా మీదనా?"

నాన్న తన సైకిల్ సంచిలో దాచిన మందు సీసా తెచ్చి చూపించాడు. అమ్మ మూత తీసి దాన్ని కూడా వాసన చూసింది. అప్పుడు గానీ చీరలు పెట్టెలోకి తిరిగి పోలేదు. సెల్వం మామ పెదవులకు వెన్న ఇచ్చి, "ఎడ్డి మనుషులు, ఇద్దరూ ఇద్దరే," అని గొణిగింది.

ఆ తరువాత డబ్బాలో రెండు తొక్కులు పోయేవి. సెల్వం మామకు ఎప్పటి కారమే. నాన్నకు మాత్రం పెరుగు కలిపిన సొరకాయ తొక్కు, మిరపకాయ రోటికి చూపించి తీసేసినంత. మొదట్లో అమ్మ దానికి తన తల్లి పేరు చెప్పలేదు, ఎవరి పేరూ చెప్పకుండా ఊరికే నూరేది. సాయంత్రం డబ్బా వాసన చూడడం మాత్రం మానలేదు. నాన్న నిజంగా తింటున్నాడా, మళ్లీ మార్చుకుంటున్నాడా? ఒకనాడు గిన్నె తీసి చాలాసేపు ముక్కు దగ్గర పట్టుకుంది. "మన సొరకాయే," అని నా వైపు చూడకుండా అన్నది. మరునాడు నూరుతూ "గిది నా చేతిది" అన్నది.

ఇప్పుడు ఆ వరసలో దగ్గేవాళ్లు లేరు. మా ఇంట్లో రోలే లేదు. అమ్మా నాన్నా పోయారు, నా పెనిమిటీ పోయాడు. నా కొడుకు ఆఫీసు క్యాంటీన్లో తింటాడు, వాడి చేతికి డబ్బా లేదు. నిన్న సాయంత్రం అడిగాను.

"ఏం చట్నీ తిన్నవురా?"

"ఏమోనే అమ్మా. తెల్లగుండె."

"ఎవరు చేసిన్రు?"

ఫోను మీంచి తల ఎత్తి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఎవరో చేసిన్రు," అన్నాడు.